షుగర్‌ను దగ్గరి వందకు సవరిస్తే...

మొన్న ఉగాదికి అత్తగారింట్లో నేనేం తిన్నానో తెలుసా? చారన్నం! ఇంటినిండా ఓళిగల వాసన, అదే బొబ్బట్ల వాసన, నా పళ్లెంలో మాత్రం చారన్నం. ఎలా జరిగిందో చెప్తా వినండి.

నేను పెనుకొండలో లెక్కల టీచర్ని. కాపురం హిందూపురంలో. సాయంత్రాలు ఇంటి వరండాలోనే ట్యూషన్. ఆ వారమంతా సంఖ్యల్ని సవరించే పాఠం. "దగ్గరి వందకు రౌండ్ చేయాలంటే పదుల స్థానం చూడండి. ఐదు కన్నా తక్కువుంటే కింది వంద. ఐదు గానీ, పైన గానీ ఉంటే పై వంద" అని గొంతు చించుకున్నా. వంటింట్లో మా ఆవిడ సుజాత కూడా వింటోందని నాకేం తెలుసు?

పండగ ముందురోజు పరగడుపున షుగర్ టెస్టు చేయించుకున్నా. 148 వచ్చింది. వెంటనే సుజాత ఫోను.

"ఎంతుండాది?"

148 అంటే ఓళిగలు బంద్. పదుల స్థానం చూశా. నాలుగు! ఐదు కన్నా తక్కువే కదా.

"వంద" అన్నా. పుస్తకం ప్రకారం కరెక్టే మరి. ఆమె సంతోషం పట్టలేక ధర్మవరానికి ఫోన్ చేసి పుట్టింట్లో అందరికీ చెప్పేసింది.

పండగనాడు ధర్మవరంలో రైలు దిగి ఇంట్లో కాలు పెట్టామో లేదో, మామ షుగర్ చూసే మిషన్ పట్టుకుని ఎదురొచ్చాడు.

"రా అప్పా! ఈ మిషన్ తప్పు చూపిస్తాదని నాకు అనుమానం. నీది సరిగ్గా వంద కదా, నీ వేలితో చూస్తే తేలిపోతాది."

వద్దు మామా అనేలోపే పొడిచేశాడు. 152!

"చూస్తివా? మిషన్ చెడిపోయింది!" మామ మొహం వెలిగిపోయింది. నేనూ బుద్ధిలేక తలూపా.

"నాకు రోజూ రెండు నూర్ల పైన చూపిస్తాండాది. అదీ తప్పేనన్నమాట. ఏమే, నాకూ ఓళిగలు పెట్టు! నెయ్యి బాగా వెయ్యి!"

ఏడాదిగా తీపి ముట్టని మనిషి! నా లెక్కను నమ్మి తింటే?

"ఆగు మామా. మిషన్ మంచిదే. నిన్న నాకొచ్చింది 148. దగ్గరి వందకు సవరించి చెప్పినా."

అందరూ నన్నే చూశారు. సుజాత మాత్రం నిదానంగా మిషన్ అందుకుంది.

"ఇప్పుడు 152 ఉండాది. పదుల స్థానంలో ఐదు. అంటే పై వంద. అమ్మా, ఈయనకు రెండు నూర్లంట!"

"అయ్యో నాయనా, రెండు నూర్లా!" అంటూ అత్త నాకోసం తెస్తున్న ఓళిగల పళ్లెం వెనక్కి తీసుకెళ్లింది.

"నాలుగు పెరిగితే వంద పెంచుతావా?" అన్నా సుజాతతో.

"నేను పెంచలేదు. మీ పాఠమే పెంచింది."

మామకూ నాకూ పక్కపక్కనే చారన్నం వడ్డించారు. ఆయన మొహం పక్కకు తిప్పుకుని తింటున్నాడు. నేనే సిగ్గు విడిచి అడిగా.

"సుజాతా, పండగ పూట నాలుగు ఓళిగలైనా..."

"నాలుగును దగ్గరి పదికి సవరిస్తే ఎంతండీ?"

సున్నా.

ఇన్నేళ్లుగా పిల్లలకు ఈ లెక్కే చెబుతున్నా కదా. ఐదు అడిగుంటే పది వచ్చేవని చారన్నం అయిపోయాక గానీ తట్టలేదు!