టైపక్క అడిగే ప్రశ్న

కోర్టు మెట్ల పక్కన కూర్చుని ఫిర్యాదులు టైపు చేసే ఆవిడను అందరూ టైపక్క అంటారు. విద్వేష ప్రసంగమని కేసు పెడతామంటూ ఎవరొచ్చినా, ముక్కు కొసకు జారిన కళ్లద్దాల మీదుగా చూస్తూ ఒకటే అడుగుతుంది: "తిట్టింది నిన్నొక్కడినేనా, నీలాంటి వాళ్లందరినీనా?" పక్కింటాయన గాడిద అన్నాడని వచ్చినవాణ్ణి, "అది ఉత్త తగాదా నాయనా, ఇంటికెళ్లు" అని పంపేస్తుంది.

ఆ రోజు కాంట్రాక్టరుగారు ఊడిపడి, ప్రశ్నకు వ్యవధి ఇవ్వకుండా శీర్షిక కొట్టించారు: 'విద్వేష ప్రసంగంపై ఫిర్యాదు'. ఆయన కట్టిన వంతెన నాసిరకమని మాస్టారొకరు సభలో అన్నారట.

"అన్నది మిమ్మల్నేనా, మీవాళ్లందరినీనా?"

"నన్నే! వంతెన నాదేగా!"

"అయితే అది విమర్శ బాబూ. దానికి మందు సిమెంటు, కాగితం కాదు."

వెనక నిలబడ్డ చేపలమ్మే ఆవిడ ముందుకొచ్చింది. "మరి మురిక్కాలవ పక్కనుండే మేమంతా పురుగులమనీ, పిల్లాజెల్లాతో సహా తగలబెట్టాలనీ మైకులో అంటే?"

టైపక్క కళ్లద్దాలు పైకి తోసుకుంది. "ఎవరన్నారమ్మా?"

చేపలావిడ వేలు తిన్నగా కాంట్రాక్టరు మీదికి లేచింది. ఆయన కాగితం లాక్కోబోయారు. టైపక్క చెయ్యి అడ్డం పెట్టి, శీర్షిక మీదే మళ్లీ టకటకా కొట్టి అక్షరాలను మరింత నల్లగా దిద్దింది.

"శీర్షిక మీరు చెప్పిందే ఉంచాను బాబూ. ఫిర్యాది దగ్గర ఈవిడ పేరు, నిందితుడి దగ్గర మీ పేరు!"