ఇద్దరమ్మలకు ఒక్క బోనం

ఉప్పల్‌లో బస్సెక్కితే, పక్క సీటులో ఒక పడుచుపిల్ల ఒడినిండా కాగితాలతో, చేతిలో పెన్సిల్‌తో దిగులుగా కూర్చుంది. అవి ఏళ్ల తరబడి ఒకే వరుసగా వస్తున్న అంతరిక్షం కథలట. పాతవాటికీ కొత్తవాటికీ పొంతన కుదర్చడం ఆమె ఉద్యోగమట.

“పాత కథల్ల లోకాన్ని ఒక దేవత పుట్టించింది, కొత్త కథల్ల ఇంకో దేవత. ఒకామెను తీసెయ్యమన్నరు, అవ్వా. చిన్నప్పటి సంది చదివిన పాతామెను తియ్యనీకి చేతులొస్తలేవు.”

“ఇద్దర్ని కలిపెయ్, బిడ్డా. నేను పోచమ్మకు, ఎల్లమ్మకు ఒక్కటే బోనం వండుత. రెండు కుండలు దండుగ.”

ఆమె నవ్వలేదు. “మరి ఆ కుండ ఎవరి ముంగట దించుతవ్?”

అంతలో నాచారం వస్తే దిగాను. పోచమ్మ గుడి దగ్గరని ఏటా అక్కడే దించుతున్నాను. ఎల్లమ్మ గుడికి చివరిసారి ఎప్పుడు వెళ్లానో ఇంటిదాకా ఆలోచించినా గుర్తు రాలేదు.