కళ్ళు కత్తిరించిన ఫొటో

మా డెంటిస్టుల వాట్సాప్ గ్రూపులో పొద్దున్నే పువ్వులతో శుభోదయాలు, ఆ తర్వాత రోజంతా నోళ్ళు. ఎవరో ఒక ఎక్స్‌రే పెడతారు, పదిమంది చప్పట్లు కొడతారు. వెక్కిరిస్తున్నాననుకోకండి. ఫోరస్ రోడ్డులో ఒంటరిగా క్లినిక్ నడుపుకునే నాకు, పన్ను విరిగి వేరు దవడలో ఉండిపోయినప్పుడు ఆ గ్రూపే దిక్కు. పెద్దపెద్దవాళ్ళు కూడా విసుక్కోకుండా సలహా చెప్పేవారు.

అందుకే ఆ ఫొటో చూసి మరీ ఒళ్ళు మండింది. మిస్రీతో, అంటే మాడ్చిన పొగాకు పొడితో, ఏళ్ళ తరబడి తోమి తోమి నల్లబడ్డ పళ్ళు. కింద ఒక సీనియర్ రాసిన మాట: "మ్యూజియంకి పంపుదామా?" దాని కింద వరసగా పగలబడి నవ్వే బొమ్మలు. ముక్కు పైనుంచి అంతా కత్తిరించేశాడు. కళ్ళు కనబడకపోతే మనిషెవరో తెలియదని మా వృత్తిలో గట్టి నమ్మకం. కానీ గడ్డం మీద మూడు పచ్చబొట్టు చుక్కలు అలాగే ఉన్నాయి. అవి ఎవరివో నాకు తెలుసు. పాలమూరు నుంచి ఈ మరాఠీ నగరానికి వచ్చి బిల్డింగ్ పనుల్లో ఇటుకలు మోసి, నేను పుట్టిన చాల్‌లోనే, ఆ ఇరుకు గదుల వరసలోనే ఉంటున్న మనిషి. చుట్టరికం లేకపోయినా పెద్దమ్మా అని పిలుస్తాను. ఆమె చెంప లోపల తెల్లమచ్చ కనబడితే, ముక్క తీసి పరీక్ష చేయించమని ఆ సీనియర్ దగ్గరికి పంపింది నేనే.

"ఈమె నా పేషెంటు, తీసెయ్యండి" అని రాశాను.

"కళ్ళు తీసేశాను కదా డాక్టర్, ఎవరు గుర్తుపడతారు?" అన్నాడాయన.

గుర్తుపట్టడానికి సాయంత్రం దాకా కూడా పట్టలేదు. ఏ చేతి నుంచి ఏ చేతికి పోయిందో, ఆ ఫొటో మా చాల్ ఫోన్లలోకి వచ్చేసింది. ఆయన తొలగించాడు, క్షమించమన్నాడు. మర్నాడు గ్రూపులో మళ్ళీ పువ్వులు. పెద్దమ్మ మాత్రం ముక్క తీయించుకోవడానికి మళ్ళీ వెళ్ళనని కూర్చుంది.

గదికి వెళ్తే కొంగు నోటికి అడ్డం పెట్టుకునే మాట్లాడింది.

"ఇంకేం జూస్తవ్ బిడ్డా? గల్లీ మొత్తం జూసింది గదా. నా మనుమరాలే సద్వి జెప్పింది, మ్యూజియంల పెడ్తరట."

"ఆ మచ్చ జూపియ్యాలె పెద్దమ్మా."

"నొప్పే లేదు. జానే దో."

నొప్పి లేని మచ్చకే మేము ఎక్కువ భయపడతాం. ఇక దాచి లాభం లేదని క్యాన్సర్ కావచ్చని చెప్పేశాను.

"ఆయన తాన్కైతే రాను" అంది.

ప్రభుత్వ ఆసుపత్రికి నేనే వెంటబెట్టుకుని వెళ్ళాను. అక్కడి డాక్టరు ఫోన్ చేతిలోకి తీసుకున్నాడు. పెద్దమ్మ కొంగు మళ్ళీ నోటి మీదికి వచ్చింది. కానీ ఈ ఫొటో నిజంగా కావలసిందే. మచ్చ పెరిగిందో తగ్గిందో రేపు పోల్చి చూడాలంటే వేరే దారి లేదు. ఆ సంగతి పెద్దమ్మకు వివరించి, ఇష్టం లేకపోతే వద్దని చెప్పాను. ఆమె ఫోన్ వైపు చూసి మెల్లగా కొంగు దించింది.

"తియ్యమను. గని మొఖం మొత్తం తియ్యమను బిడ్డా. నోరొక్కటే తీస్తేనే గదా వాళ్ళు నవ్విన్రు."

నేను మరాఠీలో చెప్పాను. డాక్టరు కాస్త వెనక్కి జరిగాడు. పెద్దమ్మ నోరు తెరిచింది.