మంచినీళ్లు ముట్టని మేనమామ

మొన్న మా ఇంటికి వచ్చిన బ్రోకరు రెండు కప్పుల చాయ్ తాగి, పళ్లెంలో పెట్టిన బిస్కెట్లన్నీ తిని, బొంగులూరు దారిలో మాకు మిగిలిన చెలక భూమి ముక్కను అమ్మిపెడతానంటూ ఒక కాగితం నా చేతిలో పెట్టాడు. నడివయసు మనిషి, మాట మెత్తన. "అవ్వా, నేను మీ మనిషినే. ఆఖరుకు ఎంతకిస్తరో నా చెవుల ఏయున్రి, మిగిలింది నేను జూస్కుంట" అన్నాడు. అరవై దాటాక పలక పట్టుకుని అక్షరాలు నేర్చుకున్నదాన్ని కాబట్టి చదవడానికి నాకు చాలాసేపు పడుతుంది. అతను ఓపికగానే కూర్చున్నాడు. నేను కూడబలుక్కుంటూ చివరిదాకా వచ్చేసరికి, అమ్మేవాళ్ల దగ్గరా కొనేవాళ్ల దగ్గరా కూడా తనకు కమీషను రావాలని రాసి ఉంది. మరి కొనేవాళ్లతో ఏమంటావు బిడ్డా అని అడిగితే, వాళ్లకూ వాళ్ల మనిషినేనని చెప్తానని నవ్వాడు. నాకు కోపం రాలేదు గానీ, ఆ ఖాళీ కప్పు చూస్తుంటే మా మేనమామ గుర్తుకొచ్చాడు.

అప్పటికి నాకు తొమ్మిదో పదో ఏళ్లు. మన ఈడు వాళ్లకు ఆ రోజుల గురించి వేరే చెప్పనక్కరలేదు. రజాకార్లు వస్తున్నారంటే జొన్న చేలల్లో దాక్కున్నాం, సంఘం వాళ్లు వచ్చి దున్నేవాడిదే భూమి అని చెప్పిపోతే విన్నాం, ఆ తర్వాత యూనియన్ సైన్యం వచ్చిందని ఊపిరి పీల్చుకున్నాం గానీ, రేపు ఎవరి భూమి ఎవరిదవుతుందో మా ఇబ్రహీంపట్నంలో ఎవరికీ తెలియదు. ఆ చెలక అప్పుడు మాది కాదు, పట్నంలో ఉండే ఒక ముసలి బేగంది. మా తాత నాటి నుంచీ మేం దాన్ని కౌలుకు చేసేవాళ్లం. ఏటా ఆమె వంతు గింజలు బండి మీద చేర్చి వచ్చేది మా అమ్మకు స్వయానా తమ్ముడైన మా మేనమామ. ఆయన పశువుల సంతలో దలాలీ చేసేవాడు. తువ్వాల కింద వేళ్లు పట్టి ధర చెప్పుకునే ఆ బేరాల్లో ఆయనకొక పట్టింపు ఉండేది. ఎవరి తరఫున దిగితే వాళ్ల మనిషే, బేరం తెగేదాకా అవతలివాళ్ల ఇంట మంచినీళ్లు కూడా ముట్టడు.

ఒక పొద్దున నాయన వాకిట్లో కూర్చుని నీళ్లు తోడే మోట తోలు తొండానికి కుట్లు వేస్తుంటే మామ వచ్చి, బేగం చెలక అమ్మకానికి పెట్టిందని, దున్నేవాళ్లని ముందుగా మాకే కబురు చేసిందని చెప్పాడు. నాయన ఇంకేమీ వినలేదు. చేతిలో సూది అట్లాగే ఉండగా, ఆ చెలక నా చేతికి వస్తదంటే ఎడ్లను కూడా అమ్ముత బామ్మర్ది అనేశాడు. ఇంతలో అమ్మ చెంబుతో నీళ్లు తెచ్చింది. మామ చెయ్యి చాచలేదు.

"బావా, నేనియ్యాల నీ బామ్మర్దిగ రాలె. ఆమె దిక్కు నుంచి వచ్చిన. నేను చెప్పకముందే నువ్వు నోరు జారితివి. ఇన్నదాన్ని ఆమెకాడ దాచుడు నాతోని గాదు."

నాయన సూది కింద పెట్టేశాడు. మా మోటబావి నీళ్లు పైకి వచ్చేది ఆ ఎడ్లతోనే. బేగం ఎడ్ల ధర కూడా కలిపి అడిగితే చెలక మాదవుతుంది గానీ బావి ఉత్త గొయ్యి అవుతుంది. అమ్మ మాత్రం ఊరుకోలేదు.

"సంకనేసుకొని మోసిన నిన్ను. ఇయ్యాల నా చెంబు నీళ్లు నీకు విషమైనయారా?"

"నీళ్లు ఏడికి పోతయక్కా. బేరం తెగనియ్యి."

పట్నం పోయేముందు ఆయన మా వాకిట్లో నుంచి వెళ్తుంటే, అమ్మ పెద్దచెరువు చేపలు పులుసు పెట్టి, రెండు ముద్దలు తిని బేగం ఆఖరు మాట చెప్పిపొమ్మని బతిమాలింది. వాసనకే కడుపు నిండిందక్కా అని గుటక మింగి వెళ్లిపోయాడే తప్ప మాట జారలేదు. ఇరుగుపొరుగు వాళ్లు, ముసలామె భయపడి ఉంది, కొన్నాళ్లు ఆగితే చెలక ఊరికే వస్తుందన్నారు. నాయనకు ఊరికే వచ్చేది వద్దు, తన పేరున్న కాగితం కావాలి. ఆ వారం రోజులూ ఎడ్లు అప్పుడే పోయినట్టు వాటి మెడలు నిమురుతూ, వేళ కాకపోయినా చొప్ప వేస్తూ తిరిగాడు.

మామ తిరిగి వచ్చి అరుగు మీద కూర్చుని, ముందు తను బేగంకు ఏం చెప్పాడో చెప్పాడు. ఎడ్ల మాట దాచలేదు. ఎడ్లు అమ్మితే మోట దేనితో కొడతాడని ఆమె అడిగిందట. మా అక్కా బావా మెడకు కాడి వేసుకుంటారేమోనని ఈయన అన్నాడట. అది విని ఆమె, ఈమధ్య కొంటానని వచ్చిన షావుకారు ఈ పాడు రోజుల్లో రేపు మాపంటున్నాడు, ఎడ్లనే అమ్ముతానన్నవాడు మాట తప్పడు, ఆ ఎడ్లు నిలిచే ధరకే ఖాయం చెయ్యమందట.

అమ్మ వెండి కడియాలు పోయాయి. ఎడ్లు నిలిచాయి. నాయన లేచి కొట్టంలోకి, ఎడ్ల దగ్గరికి వెళ్లాడు. అమ్మ ఎటు చూడాలో తెలియక నిలబడి ఉంటే మామే అన్నాడు.

"బేరం తెగిందక్కా. ఇగ నేను నీ తమ్మున్ని. నీళ్లియ్యి, బువ్వ పెట్టు."

ఆ రోజు చేపలు లేవు. జొన్నరొట్టె, పచ్చిపులుసు. చెంబు దించకుండా నీళ్లన్నీ తాగి, రొట్టె మీద రొట్టె తింటుంటే అమ్మ పక్కన కూర్చుని, చేపలనాడు తినకపోతివి గదా, ఇయ్యాల పుల్లనీళ్లు తాగు అని దెప్పుతూనే వడ్డించింది. దలాలీ మాత్రం ఆయన బేగం దగ్గరే తీసుకున్నాడు, మా దగ్గర చారెడు కందులు కూడా ముట్టలేదు.

బేగం కాలం చేసిన చాలా ఏళ్లకు గానీ ఆయన అసలు మాట బయటపెట్టలేదు. కూతురి దగ్గరికి వెళ్లే తొందరలో ఆమె సగం ధరకైనా ఒప్పుకునేదట. ఆ సంగతి చెప్తే నాయన నొచ్చుకుంటాడనుకున్నాను. ఆయన మాత్రం తేలిగ్గా నవ్వి, "ఎరుకైతే సగానికే అడిగేటోన్ని. ఎరుకలేకపాయె, బతికిపోయిన" అన్నాడు. ఆ చెలక తిండి తిన్నన్నాళ్లూ ముసలామె తొందరను సొమ్ము చేసుకున్నామన్న ముల్లు మాకెవరికీ మనసులో లేకుండా పోయింది.

ఇప్పుడు మామ లేడు, ఎడ్లు లేవు, మోటబావి పూడ్చేసి దాని చుట్టూ ప్లాట్లకు రంగురాళ్లు పాతారు. నేను మీ మనిషిని కాను అని ముఖం మీద చెప్పి, అయినా మన మేలుకు అడ్డురాని మనిషిని ఆ తర్వాత నేను చూడలేదు. బ్రోకరు సోమవారం మళ్లీ వస్తానన్నాడు, కాగితం మీద నేనింకా సంతకం పెట్టలేదు. వచ్చినప్పుడు, బిడ్డా, నువ్వు మా మనిషివా కొనేవాళ్ల మనిషివా ఒక్కటి తేల్చుకో అని అడిగి, ముందుగా చెంబుతో నీళ్లిచ్చి చూస్తాను. తాగుతాడనే నాకు తెలుసు.