ముందు సీటు బేరం

కువైట్‌కి కొత్తగా వచ్చిన ఆ రోజుల్లో నన్ను పేరు పెట్టి పిలిచిన మనిషి లేడు. అందరికీ నేను ‘కవరు పిల్ల’నే. కారణం చెప్పుకోవడానికి ఇప్పుడు నాకేం సిగ్గు లేదు. చక్రాలున్న బండి ఏదెక్కినా నాకు వాంతులే. (చక్రాలు పైకి ముడుచుకున్నాక విమానంలోనూ అంతే.) చేతిలో ప్లాస్టిక్ కవరు లేకుండా గడప దాటేదాన్ని కాదు. అలాంటి కవరు పిల్ల ఒక శుక్రవారం అందరి ముందూ నిలబడి ఒక కొత్త నేరాన్ని కనిపెట్టింది. అవును, కనిపెట్టింది. అంతకుముందు అది నేరమని మా సంఘంలో ఎవరికీ తెలియదు. ఈ సంగతి చెప్పేటప్పుడు నా తల కాస్త ఎత్తులోనే ఉంటుంది, మీరు ఓర్చుకోవాలి.

మాది అన్నమయ్య జిల్లా (అప్పుడింకా కడప జిల్లానే). మిష్రిఫ్‌లో ఒక విల్లాలో వంట పని చేసేదాన్ని. శుక్రవారం పొద్దున సెలవు. రుమైథియాలో ఒక ఇంటి కింద నేలమాళిగ అద్దెకు తీసుకుని మనవాళ్ళు భజన, భోజనం పెట్టుకునేవాళ్ళు. దాన్నే మేం సంఘం అనేవాళ్ళం. మిష్రిఫ్ ఆడవాళ్ళందర్నీ అక్కడికి చేర్చేది వ్యాన్ మామ. మా కడప వైపు మనిషే. గొంతు పెద్దది, మనసు మరీ చెడ్డది కాదు. ఆయన వ్యాన్‌లో ముందు సీటు మాత్రం సంఘం వంటకు తీసుకెళ్ళే బియ్యం మూటది. మూటకు బెల్టు కూడా పెట్టేవాడు. మేమంతా వెనక, నేను అందరికంటే వెనక. రౌండబౌట్ వచ్చిందంటే నా పక్క సీటు ఖాళీ అయ్యేది.

సంఘానికి పెద్ద గోదావరి బాబాయి. కోనసీమ మనిషి, ఒక ఆఫీసులో గుమాస్తా. ఆయనకి రూల్సంటే ప్రాణం. సాంబార్లో ఉప్పు తక్కువైనా రూలు రాయాలనేవాడు. ఆయన రాసిన వాటిలో ఒకటి మాత్రం గొప్పది. సభ్యుల్లో ఎవరైనా సరే, కొంతమంది చేత సంతకాలు పెట్టించి కాగితం తెస్తే, ఆ విషయాన్ని పెద్దలు కాదనడానికి లేదు. అందరి ముందూ పెట్టి చేతులెత్తించాల్సిందే. దాని కింద ఇంకో ముక్క ఉంది. మొదటి సంతకం పెట్టిన మనిషి చేతులెత్తేలోపు ఎప్పుడైనా కాగితం వెనక్కి తీసుకోవచ్చు. అలా తీసుకుంటే ఏడాది దాకా ఆ మాట మళ్ళీ ఎత్తకూడదు.

అలాంటి కాగితం నేను పెట్టాను. జహ్రా అక్క కోసం. ఆమెదీ నాదీ ఒకే ఏజెంటు, ఒకే విమానం. ముక్కూమొహం తెలియని నాకు మద్రాసు నుంచి కువైట్ దాకా కవరు పట్టుకుని కూర్చుంది ఆమే. దిగాక నన్ను మిష్రిఫ్‌కీ ఆమెను జహ్రాకీ తీసుకుపోయారు. వాళ్ళ మామా (ఇక్కడ ఇంటి యజమానురాల్ని అందరం అలాగే అంటాం) చెడ్డదేం కాదు, భయస్థురాలు. టాక్సీలో ఒంటరిగా పంపదు. ఆడవాళ్ళున్న వ్యాన్ గేటు ముందుకొస్తే పంపుతానంది. వ్యాన్ జహ్రా వెళ్ళదు కాబట్టి అక్క వచ్చిన దగ్గర్నుంచీ ఒక్క శుక్రవారమూ గేటు దాటలేదు. ఫోన్లో భజన వినిపించమనేది. నేను ఫోన్ ఎత్తి పట్టుకుంటే ఆమెకి వినపడేది వంటగిన్నెల చప్పుడు.

వ్యాన్ జహ్రా వెళ్ళాలన్నదే నా కాగితం. చిక్కేమిటంటే, జహ్రా ఊరికి పడమటి కొసన ఉంది. మా మామాలు పొద్దున్నే వదిలేవాళ్ళు కాబట్టి ముందు మమ్మల్ని ఎక్కించుకుని, జహ్రా పోయి, తిరిగి రుమైథియా రావాలి. అంటే మిష్రిఫ్ ఆడవాళ్ళందరికీ ప్రయాణం, వ్యాన్ మామకి పెట్రోలు ఖర్చు ఎన్నో రెట్లు పెరుగుతాయి. నా కవర్లు కూడా. అయినా చాలామంది సంతకం పెట్టారు. జహ్రాలో ఉండిపోయిన మనిషి రేపు తామే కావచ్చని వాళ్ళకి తెలుసు.

ఆ మరుసటి శుక్రవారం గేటు బయటికొచ్చేసరికి వ్యాన్ మామ ముందు సీటు తుడుస్తున్నాడు. బియ్యం మూట వెనక్కి పోయింది. సీటు మీద పువ్వుల దిండు.

“ఎక్కు పాపా, ఈ పొద్దు నువ్వు ముందు కూచ్చో. వెనకాల కుదుపులకి నీ పానం ఏమైపోవాల?”

ఎక్కాను. అద్దం దించితే గాలి. రౌండబౌట్లన్నీ ఒకదాని తర్వాత ఒకటి వచ్చాయి, పోయాయి, నా కడుపు నాతోనే ఉంది. అంతవరకూ నాకు కువైట్ అంటే కవరు లోపలి భాగమే. ఆ రోజే తెలిసింది, ఇక్కడ రోడ్డు పక్కన పూలమొక్కలు కూడా పెంచుతారని. మహారాణిలా దిగాను.

అప్పుడు చెవి దగ్గరికొచ్చాడు. “ఈ సీటు ఇంక నీదే అనుకో. నువ్వీ కువైట్‌లో ఉన్నన్నాళ్ళూ. వచ్చే శుక్రవారం బాబాయి చేతులెత్తమంటాడు గదా, నువ్వు లేచి ‘నా కాగితం నాకిచ్చేయండి’ అను చాలు. ఖలాస్!”

చూసుకుని చెప్తానన్నాను. (ఆ క్షణమే కాదనలేదా అని మీరు అడుగుతారు. కవరు పట్టుకుని తిరిగినవాళ్ళెవరూ అడగరు.)

మర్నాడు వంటింట్లో మా మామాకి చెప్పాను. నా ముక్కల అరబీ ఆమెకి బాగా అలవాటు. విని, గరిటె పెట్టి గట్టు మీద కొట్టింది.

“అది రష్వా! లంచం!”

“డబ్బివ్వలేదు కదా మామా, సీటే కదా.”

“నీకిచ్చింది సీటే. మరి నీ దగ్గర తీసుకుంటున్నదేంటి? ఆ జహ్రా పిల్ల గేటు!”

ఆ మాట గట్టిగానే తగిలింది. కానీ నేనూ తక్కువదాన్ని కాను. “మరి మీరు బియ్యం డబ్బాలో చాక్లెట్లు దాచుకుని, మీ అమ్మాయికి చెప్పొద్దని నాకు రెండు ఇస్తారే, అదేంటి?” అన్నాను. మామాకి షుగరు.

మామా గరిటె మళ్ళీ చేతిలోకి తీసుకుంది. “అది హదియా. కానుక,” అంది గంభీరంగా. తర్వాత ఇద్దరం గట్టు పట్టుకుని నవ్వాం. ఆ రోజు నాకు మూడు ఇచ్చింది.

మధ్యాహ్నం అక్కకి ఫోన్ చేశాను. కోపం తెచ్చుకుంటుందనుకున్నాను.

“తీసుకో పిల్లా ఆ సీటు,” అంది. “విమానంలో నీ అవస్థ చూసినదాన్ని నేను. వారం వారం అంత దూరం యాడొస్తావు నా కోసరం? నాకిక్కడ బాగనే ఉండాది. మేడమీద గుడ్డలారేసేటప్పుడు రోడ్డు కనపడతాది.”

రోడ్డు కనపడుతుందట. ఫోన్ పెట్టేసి బాత్రూంలోకెళ్ళి ఏడ్చాను. ఏం చెయ్యాలో తేలిపోయింది అక్కడే.

శుక్రవారం బియ్యం మూటని నేనే ముందు సీట్లోకి లాగి, బెల్టు పెట్టి, వెనక్కెళ్ళి కూర్చున్నాను. వ్యాన్ మామ మొహం చూడాల్సింది. భజన అయ్యాక బాబాయి కాగితం తీసి చదివి, “వెనక్కి తీసుకునేదేమైనా ఉందాండీ?” అని అడిగాడు. లేచాను. కవరు చేతిలోనే ఉంది. భయానికి కూడా వాంతి వస్తుందని ఆ రోజే తెలిసింది. అయినా దిండు దగ్గర్నుంచి ఖలాస్ దాకా అంతా చెప్పేశాను. చెప్పి, “ఇట్ల చేసేది నేరమని మీరు రూలు రాయాల బాబాయ్,” అన్నాను.

హాలంతా గోల. వ్యాన్ మామ లేచాడు. “నేరమా! నేనేమన్నా దొంగతనం జేసినానా? వెనక్కి తీసుకోవచ్చని రూలుండాది. తీసుకునేది తప్పు గానప్పుడు, తీసుకున్నందుకు నేను సీటిస్తే తప్పెట్లయితాది?”

బాబాయి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. “ఆయ్, ఆయన మాటలోనూ న్యాయం ఉందండి. ఇద్దరూ కూర్చుని రాజీ పడితే నేరం అంటామాండీ? రేపు వారం విడిచి వారం జహ్రా వస్తానని ఈయనంటే, ఈ అమ్మాయి సరేనంటే, అదీ నేరమేనాండీ?”

ఎక్కడినుంచి వచ్చిందో తెలియదు, నా నోటికి మాట వచ్చింది. “అది రాజీనే బాబాయ్. దాంట్లో అక్కకి వారం విడిచి వారమన్నా గేటు తెరుచుకుంటాది. సంతకం పెట్టినోళ్ళకందరికీ అందితే రాజీ. నాకొక్కదానికే అందితే అది అమ్మకం. కాగితం మీద మొదటి సంతకం నాది గానీ, మిగతా సంతకాలు నావి గావు గదా, నేను అమ్ముకోడానికి.”

వంట దగ్గరున్నవాళ్ళు కూడా గరిటెలతో బయటికొచ్చారు. వ్యాన్ మామ మాత్రం వదల్లేదు. “సరే, ఇచ్చేవాడిది నేరం. మరి సీటు కోసరమే కాగితం పెట్టేవాళ్ళొస్తే? రేపు ఈ పిల్లే ఇంకో కాగితం పెట్టి, నాతో మిక్సీ కొనిపిచ్చుకుంటే?”

“తీసుకునేవాళ్ళదీ నేరమే. రాసేయండి!” అన్నాను. ఎంత దర్జాగా అన్నానంటే, ఆ తర్వాత బాబాయి చదివినదేదీ సరిగా వినలేదు. అందరూ నన్నే చూస్తున్నారు, నేను అందరూ చూస్తున్నట్టు నిలబడే పనిలో ఉన్నాను. జహ్రాకి చేతులెత్తమంటే హాలంతా ఎత్తింది. చివర్లో, నమ్మండి, వ్యాన్ మామ చెయ్యి కూడా లేచింది. “నేను పోనంటినా? దూరమంటిని, అంతే,” అని గొణుక్కున్నాడు. తర్వాత కొత్త రూలుకి చేతులెత్తమన్నారు. అందరికంటే ముందు నాదే లేచింది.

ఆ పై శుక్రవారం వ్యాన్ జహ్రాలో గేటు ముందు ఆగింది. అక్క గేటు దగ్గరే నిలబడి ఉంది, పెళ్ళికి వెళ్తున్నట్టు పట్టుచీర కట్టుకుని. గడప మీద వాళ్ళ మామా. మమ్మల్నందర్నీ ఒకసారి చూసి, యల్లా, ఇక పదండి అన్నట్టు చెయ్యి ఊపింది. అక్క వ్యాన్ మెట్టు మీద కాలు పెట్టి, దిగి, మళ్ళీ పెట్టింది. ఎక్కాక మొదటి మాట నా మొహం చూసి వ్యాన్ మామతో అన్నది.

“మామా, ఈ పిల్ల రంగే మారిపోయింది. ముందు కూచ్చోబెట్టు!”

వ్యాన్ మామ వెనక్కి తిరిగాడు. ఆయన మొహంలో అంత భక్తి నేనెప్పుడూ చూడలేదు. “వల్లగాదమ్మా. రూలు. కాగితం పెట్టిన మనిషి ఆ కాగితానికి సంబంధించిన ఏ మేలూ ఎప్పుడూ తీసుకోగూడదు, ముందు సీటుతో సహా. బాబాయి చదివినాడు, ఈమె చెయ్యెత్తింది. ఫస్ట్!”

వ్యాన్ మొత్తం నవ్వింది. నేనూ నవ్వాను, కవరు అడ్డం పెట్టుకుని. అక్క వెనక్కొచ్చి, బియ్యం మూటని ఒకసారి చూసి, నా పక్కన కూర్చుంది. కవరు నా చేతిలోంచి తీసుకుని తనే విప్పి పట్టుకుంది. మొదటి రౌండబౌట్ దగ్గర నా పక్క సీటు ఖాళీ కాలేదు.

ఇప్పుడు వ్యాన్ కొత్తది, డ్రైవర్ కొత్తవాడు. వ్యాన్ మామా, బాబాయీ సొంతూళ్ళకి వెళ్ళిపోయారు. నా వాంతులు ఎప్పుడో తగ్గిపోయాయి. కొత్త డ్రైవరు ప్రతి శుక్రవారం “ముందు కూర్చోండి మేడం” అంటాడు. ఆ రూలు గుర్తున్నది అక్కకీ నాకూ మాత్రమే, అడిగేవాళ్ళెవరూ లేరు. అయినా వెనక్కే వెళ్తాను. నేను చెయ్యెత్తిన చట్టాన్ని నేనే దాటితే ఆ కవరు పిల్ల ఊరుకోదు, మొండిది. జహ్రాలో వ్యాన్ ఆగుతుంది, అక్క ఎక్కుతుంది, నా పక్కన కూర్చుని ఇప్పటికీ అదే అడుగుతుంది.

“కవరు తెచ్చినావా?”

తెస్తాను. ఖాళీదే తెచ్చి ఇస్తాను. రుమైథియా చేరేదాకా ఆమె దాన్ని ఒళ్ళో పెట్టుకుని కిటికీలోంచి రోడ్డు చూస్తూ కూర్చుంటుంది.