సొన అంటని చేతులు

మా వీధి పద్మ ఆరు నెలల పిల్ల తల్లి. హనుమాన్ జంక్షన్ రోడ్డులోని ఒక మామిడి ప్యాకింగ్ షెడ్డులో ఆమెను తొడిమలు తుంచే పనిలో వేశారు. బిడ్డకు పాలివ్వడానికి పది నిమిషాలు ఇచ్చారు. ఇది తప్పు.

తప్పెందుకో తెలియాలంటే పచ్చి మామిడి సొన సంగతి తెలియాలి. ఈ వేసవిలో ఒక సాయంత్రం పద్మ మా గుమ్మం ముందు కూర్చుని అరచేతులు చాపింది. "మూడుసార్లు సబ్బేసి తోమానండీ తాతగారూ, పోవట్లేదు. కడుక్కునేసరికే ఎనిమిది నిమిషాలు అయిపోతాయి. మా అత్త గేటు దగ్గర పిల్లనెత్తుకుని నిలబడుంటుంది. నా చెయ్యి వాసన తగిలితే చాలు, అది మొహం తిప్పేసుకుంటుంది." ఆ ఘాటు నా ముక్కుకు తగలగానే, డెబ్బై ఏళ్ల కిందట మా అమ్మ కాయలు ఏరిన తోటలో నిలబడినట్టయింది.

రోహిణి కార్తె ఎండకు నేల కాలిపోతుంటే, తోట లోపల మాత్రం ఎండుగడ్డి వాసన, ముగ్గిన చిన్నరసాల తీపి, మట్టికుండ చెమ్మ కలిసి ఒక చల్లని గదిలా ఉండేది. తొలికోత నాడు మామిడికాయ పులిహోర చేసి విస్తరాకుల్లో పెట్టేవారు. మగవాళ్లు చిక్కం కట్టిన గెడలతో కాయలు దించేవారు, ఆడవాళ్లు తొడిమలు తుంచి, సొన కార్చి, గంపలకెత్తేవారు. గంపల అడుగున పరిచే పాత పేపర్ల మీదే నేను అక్షరాలు కూడబలుక్కున్నాను. నాకు వేరే బడి లేదు.

ఆ తోటలో ఒక పద్ధతి ఉండేది. చంటిపిల్ల తల్లిని తొడిమల జోలికి పోనిచ్చేవారు కాదు. ఆమెకు గడ్డి పరిచే పనే. సొన తగిలితే పెద్దవాళ్ల చర్మమే పొక్కుతుంది, పసిపెదవి ఏం తట్టుకుంటుంది? కొమ్మకు కట్టిన చీర ఉయ్యాలల దగ్గర మాణిక్యమ్మ అనే ముసలావిడ కూర్చునేది. ఆమెకూ అందరితో సమానంగా కూలి. పక్కనే సొన వదలగొట్టుకోవడానికి కొబ్బరినూనె గిన్నె, కుంకుడు రసం కుండ. మా చెల్లి ఏడిస్తే మేస్త్రి సూరయ్యే మా అమ్మను కేకేసేవాడు: "ఏమే సీతా, పిల్ల గుక్కపట్టింది, వినపడట్లా? పో, గడ్డెక్కడికీ పారిపోదులే!" ఆడవాళ్లు ఊరుకుంటారా? "మేస్త్రి గారికే ఆకలేసినట్టుందే" అని ఒకరు, "ఆయనక్కూడా ఓ ఉయ్యాల కట్టండే" అని ఇంకొకరు. సూరయ్య తలపాగా సర్దుకుంటూ అటు తిరిగిపోయేవాడు.

ఆ కాలం బంగారమని నేననను. కూలి తక్కువ, తిట్లు ఎక్కువ. కానీ చంటిపిల్ల తల్లి చేతికి ఏ పని ఇవ్వాలో చదువురాని మేస్త్రికి తెలుసు.

ఆ వేసవి సగంలోనే ఆ తోట చేతులు మారింది. మేము చింతలపూడి వైపు ఇంకో తోటకు పోయాం. అక్కడ ఆ పద్ధతి లేదు. అమ్మను తొడిమలకు వేశారు. "చంటిపిల్లుందండీ" అంటే, "పిల్లనెవరు తెమ్మన్నారు?" అన్నాడు అక్కడి మేస్త్రి. పరుగున వచ్చి, చెంబెడు నీళ్లు చేతుల మీద గుమ్మరించుకుని పాలిచ్చేది అమ్మ. నాలుగో రోజుకు చెల్లి పెదవులు పొక్కాయి. తర్వాత రొమ్ము పట్టలేదు. అమ్మ రొమ్ములు గడ్డకట్టి, జ్వరం వచ్చి, పాలు ఇంకిపోయాయి. ఆ వానాకాలం దాటలేదు చెల్లి. సొన వల్లే పోయిందని నేను చెప్పలేను. అమ్మ మాత్రం ఆఖరి రోజు వరకూ, అన్నం కలిపే ముందు రెండు అరచేతులూ వాసన చూసుకునేది.

అందుకే షెడ్డు యజమానికి ఉత్తరం రాశాను. చంటిపిల్లల తల్లులకు సొన అంటని పని ఇవ్వమన్నాను. నీడపట్టున ఒక గది, పిల్లల్ని చూసే ఒక పెద్దావిడ, ఆవిడకు అందరితో సమానంగా జీతం. తొందర లేకుండా కడుక్కుని, తొందర లేకుండా పాలిచ్చే వ్యవధి. "నా పని పోకుండా రాయండి తాతగారూ, ఇల్లు గడిచేది దాంతోనే" అంది పద్మ. ఆమె పేరు లేకుండానే రాశాను.

నెల గడిచింది. పిల్ల సీసా పాలకు అలవాటు పడలేదు, చిక్కిపోయింది. పద్మ పని మానేసింది. ఇప్పుడు కోతలూ అయిపోయాయి. మా పాత తోట ఉన్నచోట ఇళ్ల స్థలాలకు సరిహద్దు రాళ్లు పాతారు. ఉయ్యాలలు కట్టిన చెట్టు ఎక్కడుండేదో నాకే గుర్తు దొరకడం లేదు. పద్మ పని మానేసిన అయిదో రోజున జవాబు వచ్చింది. అచ్చువేసిన కాగితం, కింద ముద్ర:

"అయ్యా, మీ ఉత్తరం అందినది. ప్రస్తుతం మా షెడ్డులో చంటిపిల్లల తల్లులు ఎవరూ పనిచేయుట లేదు. కావున మీరు సూచించిన ఏర్పాట్ల అవసరం లేదని తెలియజేస్తున్నాము."