అమ్మ దిగాక చెప్పకూడని మాట

నార్కట్‌పల్లి అడ్డరోడ్డు దగ్గర నాకు సెల్‌ఫోన్ల దుకాణం ఉంది. రాష్ట్రం వచ్చిన కొత్తలో పెట్టాను. రీచార్జీలు చేయడం, పగిలిన అద్దాలు మార్చడం, పాత ఫోన్లోని ఫోటోలు కొత్త ఫోన్లోకి ఎక్కించడం నా పని. ఇంటి గుట్టు బయటపడకూడదని గోడ కట్టి, దాని మీద సీసా పెంకులు గుచ్చే మనుషులు తాళం లేని ఫోను నా బల్ల మీద పడేసి చాయ్ తాగడానికి పోతారు. వాటిల్లో ఏముంటుందో నేను చూస్తాను. చూడనని చెప్పే దుకాణదారుడు ఎవడైనా ఉంటే వాడు అబద్ధాలకోరు. అడగకముందే ఆధార్ కాగితం చేతిలో పెట్టే జనానికి దాచుకోవడానికి ఏముంటుందని చాలాకాలం వాదించేవాణ్ణి.

వినోదం మీద కూడా నాకో అభిప్రాయం ఉంది. మూడు గంటల సినిమా చూసే ఓపిక ఇప్పుడెవడికీ లేదు. ఎదుటివాడు బురదలో జారిపడే ముక్క అర నిమిషం చూపించండి, లారీ డ్రైవరు నుంచి బడిపంతులు దాకా పడీ పడీ నవ్వుతారు. దీనికి ఫోన్లను తిట్టేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. పరాయివాళ్ల పరువు పోతుంటే చూడటం మనకు ముందునుంచీ ఇష్టమే. నాకు మరీ ఇష్టం.

మా మేనత్తను పక్క ఊళ్లోనే ఇచ్చారు. గొర్రెల మంద ఉన్న ఇల్లు. మామ పొద్దంతా మందను మేపేవాడు, ఇంటికొచ్చి అత్తను కొట్టేవాడు. కూరలో ఉప్పు ఎక్కువైనా, గొర్రెపిల్ల తప్పిపోయినా దెబ్బ ఆమె వీపు మీదే పడేది. మా బాపు రెండుసార్లు పంచాయితీ పెట్టించాడు. రెండుసార్లూ సంసారమన్నాక ఇట్లాగే ఉంటుందని చెల్లెలికే బుద్ధులు చెప్పి, మామ పోయించిన కల్లు తాగి తిరిగొచ్చాడు.

ఏడాదికి ఒక్కరోజు మాత్రం కథ తిరగబడేది. ముత్యాలమ్మ బోనాలనాడు అత్తకు పూనకం వచ్చేది. డప్పు దరువు మారగానే నెత్తి మీది బోనం ఎవరో అందుకునేవారు. అత్త జుట్టు విరబోసుకుని ఊగుతూ, చేతిలో వేపమండలు పట్టుకుని, అంతమంది జనంలో నేరుగా మామ దగ్గరికే పోయేది. ఆకులు రాలి ఉత్త పుల్లలు మిగిలినా కొట్టడం ఆపేది కాదు. మామ వంగి, చేతులు జోడించి, "తప్పులుంటె కడుపుల పెట్టుకో తల్లీ" అంటూ వీపు అప్పగించేవాడు. అమ్మవారి చేతి దెబ్బ తగిలితే మందకు రోగం రాదని అతని నమ్మకం. అమ్మవారంటే ఉన్న భయంతో కొన్నాళ్లపాటు అత్త జోలికి పోయేవాడు కాదు. ఆమెకు ఆ కొన్నాళ్లే పండగ.

అమ్మవారికి సాక నీళ్లు ధారపోసి, పసుపు నీళ్లు చల్లితే అమ్మ దిగేది. దిగాక, పూనకంలో ఏం చేసిందో ఏమన్నదో ఆ మనిషికి ఎవరూ చెప్పకూడదు. తనూ అడగకూడదు. చెబితే అమ్మ మళ్లీ ఆమె మీదికి రాదని ఆ ఊళ్లో గట్టి కట్టుబాటు. అత్త మజ్జిగ తాగి, జుట్టు ముడేసుకుని, ఏమీ ఎరగనట్టు మామకు అన్నం వడ్డించేది. నిజంగానే ఏమీ ఎరగదు. ఇన్నేళ్లలో ఆ ఊరి పసిపిల్లలు కూడా నోరు జారలేదు.

ఒక యేడు నేను కొత్త ఫోనుతో బోనాలకు వెళ్లి మొత్తం వీడియో తీశాను. దుకాణంలో కూర్చుని ప్రతి దెబ్బకూ ఒక చప్పుడు అతికించాను. మామ ముఖాన్ని దగ్గరికి లాగాను. కింద "పెండ్లాం చేతిల దేవుడు కనవడ్డడు" అని రాసి వదిలాను. కడుపు పట్టుకుని నవ్వాను కూడా. రెండు రోజుల్లో అది నల్గొండ దాటింది. మహబూబ్‌నగర్‌లో ఉన్న మా చుట్టాలు అది నేను చేసిందని తెలియక, భలే ఉంది చూడమని తిరిగి నాకే పంపారు. సంతలో గొర్రెల బేరగాళ్లు మామను వీపెట్లా ఉందని పలకరించడం మొదలుపెట్టారు.

మామ దుకాణానికి వచ్చాడు. అతనిది బటన్ల ఫోను, అందులో వీడియోలు రావు. చూపించమంటే చూపించాను. నాలుగుసార్లు పెట్టించుకుని చూశాడు, ఒక్కసారీ నవ్వలేదు.

"గీ కొట్టేది అమ్మనా, మీ అత్తనా?" అని అడిగాడు.

అమ్మవారే అని ఒక్క మాట అంటే అయిపోయేది. కానీ నాకు వేళాకోళం ఎక్కువ.

"నువ్వే సూడు మామా, గా మొకం ఎవలదో."

మామ ఫోను కంటికి దగ్గరగా పెట్టుకున్నాడు. "మీ అత్తదే" అని బల్ల మీద పెట్టేసి వెళ్లిపోయాడు. నేను అప్పుడు కూడా నవ్వాను.

వారం తిరగకముందే అత్త వచ్చింది. కొంగు చెంప మీదికి లాక్కుని ఉంది, ఒక కన్ను సగమే తెరుచుకుంటోంది. ఎందుకు కొడుతున్నావని మామను అడిగితే, పోయి నీ అల్లుడి ఫోనులో చూసుకోమన్నాడట. ఆమెకు చూపించకూడదని నాకు తెలుసు. చిన్నప్పటి నుంచి తెలుసు. అయినా చూపించాను, చూస్తున్నప్పుడు ఆమె ముఖం ఎట్లా మారుతుందో చూడాలనిపించింది. ఇంతకన్నా మంచి కారణం ఏదైనా ఉంటే బాగుండేదని ఇప్పటికీ వెతుక్కుంటాను.

అత్త నిలబడే చూసింది. పుల్లలతో కొట్టే చోట తన కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుంది. అది తీసెయ్యమని అడిగింది. నా ఫోనులో తీసేస్తానని, ఊళ్ల మీద పడినదాన్ని నేనేమీ చేయలేనని, దుకాణానికొచ్చే గిరాకీలకు చెప్పినట్టే చెప్పాను.

"అమ్మ కొడ్తాందని పడ్డడు అల్లుడా. నేను కొడ్తున్ననని నాగ్గూడ ఎరుకలేకుండె," అంది. "ఇద్దరికీ సూపెట్టినవ్."

సిగ్గుతో చచ్చిపోయాను. ఆ సిగ్గు గిరాకీ వచ్చేదాకా ఉంది.

మరుసటి యేడు బోనాలకు జనం ఎప్పటికంటే ఎక్కువగా వచ్చారు. ఎన్నడూ ఆ ఊరి మొహం చూడనివాళ్లు కూడా ఫోన్లు పైకెత్తి నిలబడ్డారు. డప్పు దరువు మారింది. అత్త భుజాలు అదిరాయి, పెదవి వణికింది. ఆమె కళ్లు తెరిచి ఒక్కొక్క ఫోనునూ చూసింది. పెదవి పళ్లతో నొక్కిపట్టి, రెండు చేతులతో బోనాన్ని గట్టిగా పట్టుకుని, వచ్చేదాన్ని ఆపేసుకుంది. మామ వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. చేతులు జోడించలేదు, వెనక్కి కట్టుకున్నాడు.

"రా, కొట్టు. అందరు తీస్తుండ్రు," అన్నాడు.

అత్త అతన్ని తప్పుకుని నడిచి, గుడి ముందు బోనం దించి, ఇంటి దారి పట్టింది. తీయడానికి ఏమీ లేదని జనం విసుక్కున్నారు. మామ ఆమె వెనకాలే వడివడిగా పోయాడు. ఎందుకు పోతున్నాడో అక్కడున్న అందరికీ తెలుసు. నేను పైకెత్తిన ఫోను దించి జేబులో పెట్టుకున్నాను.